కొయ్యగోడ

పెద్దలారా, ఊర బావి త్రవ్వదలచినపుడు నీటిజాడ తెలిసినవానిని పిలుతుము. అతడు చోటు చూపును. త్రవ్వుటయా, మానుటయా, వ్యయ మెవరిది యనునది మాత్రము ఊరివారే తేల్చుకొందురు. ఎఱిగినవాని మాట యెంతవఱకు, పదుగురి తీర్పు ఎంతవఱకు? గ్రీసు దేశమందలి ఏథెన్సు నగరము 2400 ఏండ్లకు పూర్వమే యీ చిక్కున పడెను. ఆ కథ నేడు విన్నవించెదను.

ఆ నగరమున పౌరులు ఒక గుట్టపై గూడి, చేతులెత్తి రాజ్యకార్యములు నిర్ణయించెడివారు. స్త్రీలకును బానిసలకును అందు చోటు లేదు. ఓడల నిర్మాణము చర్చకు వచ్చినచో ఓడలు కట్టువారినే పిలుతురనియు, పని తెలియనివాడు లేచిన నవ్వి కూర్చుండబెట్టుదురనియు, రాజనీతి విషయమున మాత్రము కమ్మరియైనను చెప్పులు కుట్టువాడైనను మాటాడవచ్చుననియు ప్లేటో తన గ్రంథమున సోక్రటీసుచే పలికించెను. ఆ పలుకులో కొంత యెత్తిపొడుపు లేకపోలేదు.

క్రీ. పూ. 480లో పారసీక చక్రవర్తి క్సెర్క్సీసు మహాసేనతో దండెత్తి వచ్చెను. ఏథెన్సువారు డెల్ఫీ దేవాలయమున ప్రశ్న యడిగించిరి. కొయ్యగోడ యొక్కటే నిలుచుననియు, సాలమిసు ద్వీపము చెంత పెక్కుమంది నశింతురనియు దేవవాక్కు వచ్చెను. అట్టి వాక్కులకు అర్థము చెప్పుటయే వృత్తిగా గలవారు, సముద్రముపై పోరిన ఓటమి తప్పదు, దేశము విడిచి పొండనిరి. కొందఱు వృద్ధులు కొయ్యగోడ యనగా పూర్వము కోటగుట్ట చుట్టు నుండిన కంచె యనిరి. అప్పుడు థెమిస్టోక్లీసు లేచి, చచ్చువారము మనమే యైనచో దేవుడు ఆ ద్వీపమును క్రూరమనక దివ్యమని యేల యనును, కొయ్యగోడ మన యోడలే యని వాదించెను. ఆయనకు దేవవాక్కులు వృత్తి కాదు. ఓడల సంగతి మాత్రము బాగుగ తెలియును. 483లో లారియము గనుల వెండిని తలకు 10 ద్రాక్మాల చొప్పున పంచుకొనబోయిన జనమును ఒప్పించి, ఆ సొమ్ముతో ఓడలు కట్టించినవా డాయనయే. వానికి తెడ్లు వేయవలసినవారును ఆ సభలోని బీదజనులే. కావుననే వా రాయన వాదమును తూచగలిగిరని నా తలంపు. సభ ఆయన మాటనే గైకొనెను. కోటగుట్టపై కొయ్యలు అడ్డుపెట్టుకొని నిలిచినవారు హతులైరి. సాలమిసు కడ పారసీకుల నౌకాబలము విఱిగెను.

ఇంతటితో నిలిపినచో సభ యెన్నడును పొరబడదని మీకు తోచవచ్చును. 415లో నదే సభ సిసిలీ ద్వీపముపై దండయాత్రకు సిద్ధపడెను. ఆ ద్వీప మెంతటిదో చాలమంది యెఱుగరని థ్యూసిడిడీసు వ్రాసెను. అనుభవముగల సేనాని నీసియసు వలదనెను; వినకున్న, మహాసైన్యము కావలెనని జంకించి చూచెను. వారు జంకక ఆ సైన్యమునే యిచ్చిరి! ఇష్టము లేనివారు, దేశద్రోహులందురేమో యని నోరు మెదపరైరి. 413లో సేన యంతయు నశించెను. వార్త విని జనులు, తాము చేతులెత్తనట్లే, ప్రేరేపించిన వక్తలపైనను జోస్యము చెప్పినవారిపైనను మండిపడిరి. పిదప, ముందుగ ఆలోచన చెప్పుటకై కొందఱు వృద్ధులను ఏర్పఱచుకొనిరి. 411లో సభ తన యధికారమును 400 మంది చేతిలో పెట్టినపుడు, ఆ వృద్ధులును సమ్మతించిరి.