మూడు పచ్చ లైట్లు, మూగబోయిన రేడియో

ఈరోజు మన కథ కడప జిల్లా, వేముల మండలం, తుమ్మలపల్లెలో జరుగుతుంది. ఆ పేరు వినగానే మీలో చాలామందికి యురేనియం గని గుర్తొస్తుంది. ఈ ఎపిసోడ్‌లో మాత్రం ఆ ఊరి మీదుగా గాలిలో పోయే రేడియో గురించి మాట్లాడుకుందాం.

1963లో కడపలో ఆకాశవాణి కేంద్రం మొదలైంది. మీడియం వేవ్, 900 కిలోహెర్ట్జ్, అంటే 333.3 మీటర్లు. పాత శ్రోతలకు ఈ అంకె ఇప్పటికీ నోటికి వస్తుంది. ఆ రోజుల్లో పోస్టాఫీసులో లైసెన్స్ కట్టి రేడియో పెట్టుకునేవాళ్లు. మా జేజినాయన దగ్గర ఒక ట్రాన్సిస్టర్ ఉండేది. స్టేషన్ సరిగ్గా రాకపోతే ఆయన ముల్లు తిప్పేవాడు కాదు, సెట్‌నే మెల్లగా పక్కకు తిప్పేవాడు. "ఉండబ్బీ, దానికి దిక్కు కుదరల్ల" అనేవాడు. మేము నవ్వుకునేవాళ్లం.

ఇక డిజిటల్ కాలానికి వద్దాం. డీఆర్‌ఎమ్, అంటే డిజిటల్ రేడియో మొండియల్ అనే సంస్థ 1998లో చైనాలోని గ్వాంగ్‌జౌలో ఏర్పడింది. పాత మీడియం వేవ్, షార్ట్ వేవ్ మీదే మాటను అంకెలుగా పంపడం దాని పని. మన ఆకాశవాణి ఈ పద్ధతిని తీసుకుని దేశంలో 30కి పైగా మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లలో పెట్టింది. బెంగళూరు 612 కిలోహెర్ట్జ్, 200 కిలోవాట్ల కేంద్రం వాటిలో ఒకటి. తుమ్మలపల్లెకు అది గాలిదారిన సుమారు 150 కిలోమీటర్లు.

మరి వినేదెలా? డీఆర్‌ఎమ్ సెట్లు లక్షల కార్లలో వచ్చాయి కానీ, పల్లెలో ఇంటి గూట్లో ఉండే రేడియోలోకి రాలేదు. ఇక్కడే సాఫ్ట్‌వేర్ రేడియో పనికొస్తుంది. 2012లో ఫిన్లాండ్‌కు చెందిన ఆంటీ పాలోసారి అనే డెవలపర్ ఒక సంగతి గమనించాడు. టీవీ చూసేందుకు కంప్యూటర్‌కి గుచ్చే చౌక డాంగిల్‌లోని ఆర్‌టీఎల్2832యూ చిప్పు, సిగ్నల్‌ని యథాతథంగా అంకెల్లో ఇవ్వగలదు. అంతే, ఆ టీవీ డాంగిల్ రేడియో అయిపోయింది. ఇక అంకెల్ని మాటగా మార్చడానికి డ్రీమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. జర్మనీలోని డార్మ్‌స్టాట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో పుట్టింది.

కొన్నేళ్ల కిందట ఒక మధ్యాహ్నం మిద్దె మీద వైరు కట్టి, ఇవన్నీ పెట్టుకుని కూర్చున్నా. ఏమొచ్చింది? ఏమీ రాలేదు! పాత రేడియోలో సిగ్నల్ తగ్గితే గరగర పెరుగుతుంది, అయినా మాట అర్థమవుతుంది. డిజిటల్‌లో అలా ఉండదు. ఒక గీత దాటితే మాట ఉన్నట్టుండి తెగిపోతుంది. కాబట్టి తప్పు ఎక్కడుందో చెవి చెప్పదు, లైట్లే చెప్పాలి.

డ్రీమ్‌లో ముఖ్యమైన లైట్లు మూడు. ఎఫ్‌ఏసీ: ఈ సిగ్నల్‌ని ఎలా విప్పాలో చెప్పే మొదటి చీటీ. ఎస్‌డీసీ: లోపల ఏయే కార్యక్రమాలున్నాయో చెప్పే చీటీ. ఎమ్‌ఎస్‌సీ: అసలు మాట. ముగ్గుతో పోల్చుకోండి. మొదటి చీటీని 4 చుక్కల ముగ్గులా పంపుతారు, అసలు మాటను 64 చుక్కల దాకా పెట్టి పంపుతారు. దుమ్ము లేస్తే 4 చుక్కల ముగ్గు గుర్తుపట్టొచ్చు, 64 చుక్కలది చెదిరిపోతుంది.

నాకు మొదట మూడూ ఎరుపే. లాప్‌టాప్ చార్జర్ పీకేసి, బ్యాటరీ మీద నడిపి, ఇంట్లో ఎల్‌ఈడీ బల్బులు ఆర్పితే ఎఫ్‌ఏసీ పచ్చగా మారింది. ఎమ్‌ఎస్‌సీ మాత్రం ఎరుపే. దీనికి ఒక కారణం మన నేల. మీడియం వేవ్ పగలు నేలను అంటుకుని పోతుంది. తడి నేల, ఉప్పునీటి మీద బాగా సాగుతుంది. ఎండిన రాతినేల మీద త్వరగా నీరసిస్తుంది.

రెండో కారణం చూసి నేనే ఆశ్చర్యపోయా. డాంగిల్‌కి ఉన్నది 8 బిట్లే. పక్కనే, 60 కిలోమీటర్ల దూరంలో, మన కడప 100 కిలోవాట్లతో మోగుతోంది. ఆ కేకకు డాంగిల్ నిండిపోయి, బెంగళూరు గుసగుసకు చోటు లేకుండా పోయింది. జేజినాయన రేడియోనే నాకు అడ్డం వచ్చింది!

అప్పుడు పొడవాటి వైరు తీసేసి, చట్రానికి తీగ చుట్టి లూప్ యాంటెన్నా చేశా. లూప్‌కి ఒక గుణం ఉంది. దాని అంచు చూసే దిక్కు బాగా వినిపిస్తుంది, దాని ముఖం చూసే దిక్కు అణిగిపోతుంది. కడప మాకు తూర్పు, బెంగళూరు నైరుతి వైపు దక్షిణాన. ముఖం కడప వైపు తిప్పా. మూడూ పచ్చ! జేజినాయన సెట్‌ని తిప్పింది కూడా ఇందుకే. ఆ ట్రాన్సిస్టర్ లోపల ఫెర్రైట్ కడ్డీ ఉంటుంది, దానికీ దిక్కు ఉంటుంది.

ఇంత చేసినా మాట రాలేదండీ. లైట్లు పచ్చ, చెవికి నిశ్శబ్దం. ఈసారి తప్పు గాలిలో లేదు. ఆకాశవాణి వాడేది ఎక్స్‌హెచ్‌ఈ-ఏఏసీ అనే ఆడియో పద్ధతి. దాని ప్రమాణం 2012లో వచ్చింది. నా డ్రీమ్ పాతది, దానికి ఆ భాషే తెలియదు. కొత్తది వేసుకున్నాక కన్నడంలో ఒక గొంతు వినిపించింది, గరగర అన్నదే లేకుండా.

మీరు ప్రయత్నిస్తే ఈ వరస గుర్తుపెట్టుకోండి. మూడూ ఎరుపైతే ముందు ఇంటి గోల, యాంటెన్నా చూడండి. మొదటిదే పచ్చయితే సిగ్నల్ చాలలేదు, లేదా పక్క స్టేషన్ తొక్కేస్తోంది. మూడూ పచ్చయినా మాట రాకపోతే సాఫ్ట్‌వేర్ మార్చండి.

ఒక్క మాట చెప్పి ముగిస్తా. వాన కబురు, తుఫాను కబురు పల్లెకు చేరాలంటే స్టేషన్ మారితే చాలదు, గూట్లో రేడియో కూడా మారాలి. జేజినాయనకు సెట్‌ని తిప్పితే సరిపోయింది. నాకు లాప్‌టాప్, డాంగిల్, లూప్, ఒక పూట సమయం కావలసి వచ్చింది. అంత ఓపిక, అంత సరంజామా ఎన్ని ఇళ్లలో ఉంటాయి?

మళ్లీ కలుద్దాం. సెలవు.