ఖరగ్‌పూర్‌లో కాపురం, శ్రీకాకుళంలో కేసు: భర్తకు చట్టమిచ్చే రక్షణ

రైల్వే కొలువులతో ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. అత్తింటి హింస తాళలేక శ్రీకాకుళంలోని పుట్టింటికి చేరిన కోడలు అక్కడే ఫిర్యాదు చేయవచ్చునని రూపాలీ దేవి కేసులో 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. కనుక ‘కాపురం బెంగాల్‌లో, ఆంధ్రలో కేసు చెల్లదు’ అనే వాదం నిలువదు.

భర్తకు దారి వేరే ఉన్నది. 2023 నాటి ప్రియా ఇందోరియా తీర్పు ప్రకారం, తక్షణ అవసరాన్ని నిరూపించగలిగితే, తానున్న జిల్లాలోనే, అనగా మేదినీపూర్ సెషన్స్ కోర్టులో, పరిమిత కాలపు ముందస్తు బెయిలు కోరవచ్చును. ఆ గడువులోగా శ్రీకాకుళం కోర్టును ఆశ్రయించవలెను.

భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్ కింద గరిష్ఠ శిక్ష మూడేళ్లు. ఇటువంటి కేసులలో యాంత్రికంగా అరెస్టు చేయరాదని 2014లోనే అర్నేశ్ కుమార్ తీర్పు నిర్దేశించింది. అయితే పోలీసు నోటీసును పెడచెవిన పెట్టినవారికి ఆ రక్షణ దక్కదు.