పియానో ట్యూనర్‌దే తప్పనుకున్నా.. బగ్ నా కోడ్‌లో ఉంది!

ఈ రోజు ఎపిసోడ్ నా పరువు పోయిన కథతో మొదలుపెడతా.

నేను జాబ్‌లో ఉన్న రోజుల్లో, సికింద్రాబాద్‌లో ఫ్రెండ్ వాళ్లింటికి పియానో శ్రుతి చేయడానికి ఒక పెద్దాయన వచ్చారు. చేతిలో ట్యూనింగ్ ఫోర్క్, రెంచ్ లాంటి ఒక పనిముట్టు, అంతే. నేను ల్యాప్‌టాప్ తీసి 88 మెట్లకీ ఫ్రీక్వెన్సీ లెక్కేశా. చివరి మెట్టు 4186 హెర్ట్జ్ ఉండాలి. ఆయన అంతకంటే పైకి లాగారు. "అంకుల్, ఎక్కువైంది" అన్నా. "సరే, నీ లెక్క ప్రకారమే పెడతా, విను బాబూ" అన్నారు. పెట్టారు. ఆ పై మెట్లన్నీ శ్రుతి దిగిపోయినట్టు వినిపించాయి!

ఎందుకలా? చరిత్రలోకి వెళ్దాం.

మన దగ్గర 12 స్వరస్థానాలున్నట్టే పియానోలోనూ 'స' నుంచి పై 'స'కి 12 మెట్లు. అన్నీ సమానంగా ఉండాలంటే ప్రతి మెట్టూ ముందుదానికి 1.0595 రెట్లు ఉండాలి. ఈ లెక్క 1584లోనే చైనాలో మింగ్ వంశపు రాకుమారుడు జూ జైయూ తేల్చేశారు. పియానో పుట్టింది 1700 ప్రాంతంలో, ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో. అంటే ఫార్ములా ముందే రెడీ. తీగ మీదకి తేవడమే కష్టం. రెండు తీగలకి కాస్త తేడా ఉంటే శబ్దం వావ్ వావ్ అని ఊగుతుంది. ట్యూనర్లు ఆ ఊపులు వింటూనే శ్రుతి చేసేవారు.

తర్వాత యంత్రాలొచ్చాయి. 1834లో షైబ్లర్ అనే జర్మన్ పట్టు వ్యాపారి, పదుల కొద్దీ ట్యూనింగ్ ఫోర్కులతో శ్రుతి కొలిచే సాధనాన్ని వివరించాడు. 1936లో అమెరికాలో కాన్ కంపెనీ స్ట్రోబోకాన్ తెచ్చింది. శ్రుతి కుదిరితే తిరిగే చక్రం మీది గీతలు ఆగినట్టు కనిపిస్తాయి. ఇక చెవితో పనేముంది అనిపిస్తుంది కదా?

ట్విస్ట్ 1938లో వచ్చింది. రెయిల్స్‌బ్యాక్ అనే అమెరికన్, ట్యూనర్లు చెవితో శ్రుతి చేసిన పియానోలను కొలిచిన ఫలితాలు ప్రచురించాడు. పై మెట్లు లెక్కకంటే ఎక్కువ, కింది మెట్లు తక్కువ! కారణం ఉక్కు తీగ గట్టిదనం. ఒక తీగ మోగితే అందులోనే రెట్టింపు, మూడింతల శబ్దాలు కూడా పలుకుతాయి. తీగ సులువుగా వంగదు కాబట్టి ఆ రెట్టింపు కాస్త పైకి జరుగుతుంది. పై మెట్టు దానితో కలవాలంటే దాన్నీ పైకి లాగాల్సిందే. ఎంత అన్నది పియానోని బట్టి మారుతుంది. నా కోడ్‌లో లేనిది ఇదే.

ఇప్పటి మంచి యాప్‌లు ముందు ఆ పియానో తీగల్ని విని, తర్వాతే లెక్కేస్తాయి. అంటే ఆ పెద్దాయన చెవి చేసే పనిని నేర్చుకున్నాయి. కానీ 200కి పైగా పిన్నులు తిప్పేది ఇంకా చెయ్యే. పెద్ద పియానోలో తీగల లాగుడు మొత్తం దాదాపు 20 టన్నులు. పిన్ను సరిగ్గా కుదురుకోకపోతే, శ్రుతి కాసేపటికే జారుతుంది. డాన్ గిల్మోర్ అనే అమెరికన్ దీనికీ దారి వెతికాడు: తీగల్ని ముందే కాస్త ఎక్కువ బిగించి, కరెంటుతో వేడి చేస్తే అవి సాగి సరైన శ్రుతికి దిగుతాయి. ఐడియా అదిరింది. కానీ మామూలు పియానోల్లో అది ఇప్పటికీ కనిపించదు.

ఆ రోజు ఆయన మళ్లీ పై మెట్లు లాగి సరిచేశారు. ఈసారి నేను ల్యాప్‌టాప్ మూసి విన్నా. ఆటోమేషన్ రాసే మనమంతా ముందు చేయాల్సింది అదేనేమో. మీ ఊళ్లో హార్మోనియం, తబలా శ్రుతి చేసేవాళ్లుంటే వెళ్లి ఒకసారి పక్కన కూర్చోండి. ఉంటా, బై!