ఓక్ క్లిఫ్ పిలగాడు

దగ్గరికి జరుగుర్రి బిడ్డా, మంట కాడ కూసోర్రి. చిన్నోడా, గిటారు నేర్చుకుంట అంటున్నవు గదా, స్టీవీ రే వాన్ పేరు ఎన్నడన్న ఇన్నవా? అయితే ఇను.

అమెరికాల టెక్సాస్ ఉన్నది గదా, అండ్ల డాలస్. ఇయ్యాల మనోళ్లు మస్తుమంది ఉంటున్నరు అక్కడ. ఆ ఊళ్లె ఓక్ క్లిఫ్ అనే వాడల పెరిగిండు ఈ పిలగాడు, 1954ల పుట్టిండు. నాయిన ఆస్బెస్టాస్ పని చేసేటోడు. అన్న జిమ్మీ ఫుట్‌బాల్ ఆడుకుంట పడి భుజం కాడి బొక్క ఇరగ్గొట్టుకుంటే, ఇంట్ల ఊకె ఎట్ల కూసుంటడని తెలిసినాయన ఒక గిటారు ఇచ్చిండు. గిటారు ఆ ఇంట్లకు వచ్చిన తీరు అది. తమ్మునికి ఏడేండ్లప్పుడు దొరికింది ఆడుకునే బొమ్మ గిటారు. అన్న బయటికి పోంగనే అన్న గిటారు అందుకునేటోడు. నేర్పే సారు లేడు. రికార్డు పెట్టుడు, ఇనుడు, ఇన్నది వేళ్లతోని పట్టుడు. లానీ మ్యాక్ అనే గిటారు వాయించేటాయన రికార్డు ఒకటి కొనుక్కొని అదే పనిగ పెడుతుంటే, నాయినకు ఇసుగొచ్చి పగలగొట్టిండట.

పదిహేడేండ్లకు బడి ఇడిసిపెట్టి ఆస్టిన్ పోయిండు. ఒక బ్యాండు, ఇంకో బ్యాండు. నైట్‌క్రాలర్స్ అనేటోళ్లతోని లాస్ ఏంజిలస్ పోయి పాటలు రికార్డు చేస్తే, కంపెనీ వాటిని బయటికే తియ్యలె. మళ్ల ఆస్టిన్‌కే వచ్చిండు.

1975ల క్లిఫర్డ్ ఆంటోన్ అనేటాయన ఆ ఊళ్లె ఒక క్లబ్బు తెరిచిండు. నన్నడిగితే స్టీవీకి అసలు బడి అదే. బ్లూస్ అంటే నల్లజాతోళ్ల పాట బిడ్డా, పత్తిచేన్ల కాయకష్టంల నుంచి పుట్టింది. దాన్ని పెంచిన పెద్దమనుషులు ఆ క్లబ్బుకొచ్చి వాయించేటోళ్లు. అండ్ల ఆల్బర్ట్ కింగ్ ఒకడు. ఆరడుగుల పైన మనిషి, ఎడమచేతి వాటం, గిటారు తిప్పి పట్టేటోడు. ఎవర్నంటే వాళ్లను పక్కన నిలబడనిచ్చే మనిషి కాదు. ఈ పిలగాన్ని ఒక్కసారి వాయించనియ్యిమని ఆంటోన్ అడిగిండు. పిలగాడు ఆల్బర్ట్ బాణీలనే ఆల్బర్ట్ ముంగట వాయించిండు. పెద్దాయన దిగిపొమ్మనలె, పక్కనే ఉంచుకున్నడు. ఏ కంపెనీ కాయితమన్న దీనికి సాటి వస్తదా చెప్పుర్రి!

అతని గిటారు పెచ్చులూడిన పాత స్ట్రాటోకాస్టర్. తీగలు మాత్రం అందరి తీగల కంటే మందం. మందపు తీగలు వంచాల్నంటే వేళ్లకు బలం కావాలె, అందుకని శ్రుతి అరమెట్టు దించుకునేటోడు. అయినా వేళ్ల కొసలు చిట్లిపోయేటివి. చిట్లిన కాడ సూపర్‌గ్లూ రాసుకొని మళ్ల వాయించేటోడు. నువ్వట్ల చెయ్యకు నాయినా, తీగ మెల్లగ పెంచుకో.

1978 నాటికి డబుల్ ట్రబుల్ అని సొంత బ్యాండు పెట్టిండు. చేతిల రికార్డు ఒక్కటి లేదు. అట్లనే 1982ల స్విట్జర్లాండ్‌ల మోంట్రో జాజ్ ఉత్సవానికి పిలుపొచ్చింది. మోత తక్కువుండే బ్లూస్ ఇందామని వచ్చినోళ్లకు ఈ మోత నచ్చలె, కొందరు గోల చేసిరి. మనసు ఇరిగింది పాపం. గాని ఆ జనంల డేవిడ్ బోవీ అనే పెద్ద పాటగాడు ఉండె. బ్యాండు అక్కడి బార్ల వాయిస్తుంటే జాక్సన్ బ్రౌన్ అనే ఇంకో పాటగాడు ఇని, లాస్ ఏంజిలస్‌ల నా స్టూడియో ఉన్నది, పైసల్ లేకుంట వాడుకోర్రి అన్నడు. మూడు రోజుల్ల పని అయిపోయింది. క్లబ్బుల వాయించినట్టే బ్యాండుల ముగ్గురు కూడి వాయించిరి. అదే ‘టెక్సాస్ ఫ్లడ్’, 1983 జూన్‌ల వచ్చింది. బాబ్ డిలన్‌ను రికార్డు కంపెనీకి తెచ్చిన జాన్ హామండ్ ఇతన్ని కూడ ఎంచిండు.

బోవీ ‘లెట్స్ డాన్స్’ పాటల ఇనబడే గిటారు స్టీవీదే. లోకమంత తిరిగే ఆ పెద్ద టూరుకు రమ్మన్నడు బోవీ. పిలగాడు మొదలుకాకముందే తప్పుకొని తన బ్యాండుల ఇద్దరి కాడికి వచ్చిండు. అండ్లనే నాకు మనిషి కనబడ్డడు.

1985ల మోంట్రోల అదే ఉత్సవానికి మళ్ల పోయిండు. ఈసారి జనం మురిసిపోయిరి. ఆ రాత్రి టెక్సాస్ క్లబ్బులల్ల ముందు నుంచి వాయించిన నల్లజాతి పెద్దాయన జానీ కోప్‌లాండ్‌ను స్టీవీ తన పక్కకు పిలుసుకున్నడు, ఇద్దరు కలిసి వాయించిరి.