ఎంత చదివామో ఎవరికి తెలియాలి?

19వ శతాబ్దపు బెంగాల్‌లో రాససుందరీ దేవి, ఇంట్లోని చైతన్య భాగవతం నుంచి ఒక ఆకు తీసి వంటింట్లో దాచుకుంది. కొడుకు రాసిన తాటాకు మీది అక్షరాలతో పోల్చుకుంటూ చాటుగా చదవడం నేర్చుకుంది. ఈ సంగతి తన ఆత్మకథ 'అమార్ జీబన్'లో తనే చెప్పింది. తను ఎంతవరకు చదివిందో మొదట్లో మరెవరికీ తెలీదు. ఆ తెలియకపోవడమే ఆమెకి రక్షణ.

మరి మన చదువు? 2007లో వచ్చిన తొలి కిండిల్‌లో పేజీ సంఖ్యలు లేవు, 'లొకేషన్' అంకెలుండేవి. 2011లో పేజీ సంఖ్యలొచ్చాయి. 2012లో వచ్చిన పేపర్‌వైట్ మన వేగాన్ని కొలిచి, అధ్యాయం పూర్తికావడానికి ఇంకెన్ని నిమిషాలో చెప్పసాగింది. 2015 జూలై నుంచి ఆ కొలతే కూలి లెక్క కూడా అయింది. కిండిల్ అన్‌లిమిటెడ్‌లో సొంతంగా పుస్తకాలు వేసుకునే రచయితలకి, పాఠకులు చదివిన పేజీల్ని బట్టే డబ్బు. అదీ మొదటిసారి చదివిన పేజీకే. మళ్లీ చదివితే సున్నా.

పాలు పొంగకుండా చూసుకుంటూ, ఆపిన చోటు మరిచి వెనక్కెళ్లి, నచ్చిన పేజీనే పదేపదే చదవడం నా అలవాటు. మనలో చాలామందిదీ అంతే. ఈ చదువు ఏ శాతంలోకి వస్తుంది? రాససుందరి దాచుకున్నది ఒక్క ఆకే. బెంగాలీలో ఒక స్త్రీ రాసిన తొలి ఆత్మకథకి దారి అక్కడే మొదలైంది.

వైఫై ఆపేస్తే నా చదువు నా ఒక్కదానిదే అవుతుంది. కానీ తిరిగి కలిపేదాకా, పేజీల లెక్కన బతికే రచయిత్రికి నేను చదివినట్టే కాదు. మన ఏకాంతాన్ని, ఆమె కూలిని ఒకే మీటకి ముడివేసిన ఈ ఏర్పాటునే మనం ప్రశ్నించాలి.