ఫోన్‌కు పౌచ్ వేయాలా? వద్దా?.. తిరుపతి ఎండలకు, కొండ మెట్లకు ఏది కరెక్ట్? పూర్తి వివరాలు ఇవే..

కొత్త ఫోన్ కొన్నారంటే చాలు.. బిల్లు కట్టకముందే షాపులో కుర్రాడు అడిగే మాట ఒక్కటే. ‘అన్నా, పౌచ్ వేసేయమంటారా?’. చాలామంది ఆలోచించకుండానే తలూపేస్తారు. ఇంకొందరు మాత్రం ‘ఇంత డబ్బు పెట్టి స్టైల్‌గా ఉందని కొన్నాం, మళ్లీ దానికి రబ్బరు చొక్కా ఎందుకు?’ అంటారు. రెండు వైపులా న్యాయం ఉంది. అయితే ఈ ప్రశ్నకు హైదరాబాద్ ఏసీ ఆఫీసులో కూర్చున్నవాళ్లకు వచ్చే జవాబు, తిరుపతి, చిత్తూరు జనానికి వచ్చే జవాబు ఒకటి కాదు. ఇక్కడ ఎండ వేరు, నేల వేరు. ఈ రెండూ ఫోన్ మీద ఒకదానికొకటి వ్యతిరేకంగా పనిచేస్తాయి. నేల పౌచ్ వేయమంటుంది, ఎండ తీసేయమంటుంది.

నిజానికి ఫోన్ల విషయంలో ఈ ప్రాంతం కొనేవాళ్ల ఊరు మాత్రమే కాదు, తయారుచేసే ఊరు కూడా. షావోమీ మన దేశంలో తయారుచేసిన తొలి ఫోన్ రెడ్‌మీ 2 ప్రైమ్ 2015 ఆగస్టులో బయటకొచ్చింది. అది తయారైంది శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ ప్లాంటులోనే. అప్పుడు ధర రూ.6,999. అప్పట్లో చిత్తూరు జిల్లాలో ఉన్న శ్రీసిటీ, 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడ్డాక తిరుపతి జిల్లాలోకి వచ్చింది.

కింద పడితే అసలేం జరుగుతుంది?

సుమారు 200 గ్రాముల ఫోన్ మీటరు ఎత్తు నుంచి, అంటే ప్యాంటు జేబు దగ్గర్నుంచి జారిందనుకోండి. నేలను తాకడానికి అర సెకను కూడా పట్టదు. తాకే సమయానికి దాని వేగం గంటకు దాదాపు 16 కిలోమీటర్లు. చదువుకుంటే చిన్న నంబరే. కానీ ఆ వేగం మొత్తం ఒక్క మూల మీద, క్షణంలో వెయ్యో వంతులో ఆగిపోవాలి. అద్దం పగిలేది అందుకే. ఫోన్ బల్లపరుపుగా పడితే చాలాసార్లు బతికిపోతుంది, మూల మీద పడితేనే ప్రమాదం.

పౌచ్ చేసే పని ఆ ఆగే సమయాన్ని కాస్త పెంచడం. మెత్తటి టీపీయూ రబ్బరు ఒకటి రెండు మిల్లీమీటర్లు నొక్కుకుపోయి దెబ్బను పంచుకుంటుంది. చిత్తూరు మామిడి తోటల్లో తోతాపురి కాయను కర్రతో కొట్టి నేలమీద పడేయరు కదా.. చిక్కంలో పట్టి దించుతారు. లెక్క అదే.

ఇంకో సంగతి. పౌచ్ వల్ల అసలు లాభం పడ్డాక కాదు, పడకముందే ఉంటుంది. వెనక అద్దం ఉన్న ఫోన్లు సబ్బుబిళ్లలా జారుతుంటాయి. కాస్త ఏటవాలుగా ఉన్న సోఫా మీద పెట్టినా మెల్లగా జారి కింద పడతాయి. చెమట చేతుల్లో అయితే చెప్పనక్కర్లేదు. గరుకుగా ఉండే పౌచ్ చేతికి పట్టునిస్తుంది. పడుకుని ఒంటిచేత్తో వీడియోలు చూసేవాళ్లకు ఇది బాగా తెలిసే ఉంటుంది!

కొండ రాయి కథ వేరు

గొరిల్లా గ్లాస్ ఉంది కదా, ఇంకేం భయం అనేవాళ్లు ఉంటారు. ఆ గ్లాస్ తయారుచేసే కార్నింగ్ కంపెనీ 2022లో తెచ్చిన విక్టస్ 2 గురించి చెప్పుకున్నది.. కాంక్రీటు లాంటి నేల మీద మీటరు ఎత్తు నుంచి పడినా తట్టుకుంటుందని. అది ల్యాబ్ పరీక్షల మాట. పైగా ఆ గ్లాస్ వచ్చేది ఎక్కువగా ఖరీదైన ఫోన్లలో.

గీతల విషయానికొస్తే, అద్దానికి శత్రువు జేబులోని తాళంచెవి అనుకుంటాం. కాదు, ఇసుక. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలులో క్వార్ట్జ్ స్థాయి 7. మామూలు స్టీలు తాళంచెవి అంతకంటే మెత్తన. ఫోన్ గ్లాసులు చాలావరకు స్థాయి 6 దగ్గరే గీతలు పడటం మొదలుపెడతాయి.

ఇప్పుడు తిరుమల కొండలు చూడండి. కింద గ్రానైట్, పైన క్వార్ట్జైట్. ఆ రెండూ కలిసే చోటు ఘాట్ రోడ్డు పక్కనే కొండ కోతలో కనిపిస్తుంది. దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించారు. పైన శిలాతోరణం కూడా క్వార్ట్జైట్ రాయే. అంటే ఈ కొండల దుమ్ములో అద్దాన్ని గీసే సరుకు దండిగా ఉంది. చిత్తూరు, కుప్పం వైపు గ్రానైట్ క్వారీలు, పాలిషింగ్ యూనిట్లలో పనిచేసేవాళ్ల సంగతీ అంతే.

అలిపిరి నుంచి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు. ఎక్కేటప్పుడు అలసట, చేతిలో చెమట, మధ్యలో సెల్ఫీలు, ఇంటికి వీడియో కాల్.. ఫోన్ జారడానికి ఇంతకంటే ఏం కావాలి? కింద ఉన్నది రాతి మెట్టు. అందుకే నడక దారిలో వెళ్లేవాళ్లు పౌచ్ లేకుండా ఫోన్ చేతపట్టుకోవడం అంత తెలివైన పని కాదు. కింద పడి పగిలితే మామూలు వారంటీ వర్తించదు. స్క్రీన్ మార్పించే ఖర్చు మీదే. ఈఎంఐ ఇంకా తీరని ఫోన్ అయితే, పగిలిన అద్దానికీ పాత అప్పుకూ ఒకేసారి కట్టాలి.

అలాగని పౌచ్ వేసి వదిలేస్తే కూడా తంటానే. ఈ సన్నటి ఇసుక పౌచ్‌కీ ఫోన్‌కీ మధ్య చేరుతుంది. నడుస్తున్నంత సేపూ రెండూ రాసుకుంటూ ఉంటాయి. ఆరు నెలల తర్వాత పౌచ్ తీస్తే వెనక మొత్తం గీతలే! ‘పౌచ్ వేసినా గీతలెలా పడ్డాయి?’ అని ఆశ్చర్యపోతారు. పౌచ్ వేసి కడగనందుకే పడ్డాయి. వారానికోసారి తీసి, పౌచ్‌ను నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక వేసుకుంటే చాలు.

ఎండాకాలంలో సీన్ రివర్స్

ఇక అసలు తలనొప్పి వేడి. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి, రేణిగుంటల్లో 40 డిగ్రీలు దాటడం కొత్త కాదు. ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాతావరణంలో వాడాలని యాపిల్ చెబుతోంది. అంతకు మించిన వేడిలో బ్యాటరీ సామర్థ్యం శాశ్వతంగా తగ్గిపోవచ్చని కూడా హెచ్చరిస్తోంది. అంటే ఇక్కడి వేసవి మధ్యాహ్నం, నీడలో ఉన్నా సరే, ఆ లెక్క దాటిపోయినట్టే.

ఫోన్‌లో ఫ్యాన్ ఉండదు. లోపల పుట్టిన వేడి వెనక భాగం నుంచి, పక్క అంచుల నుంచే బయటికి పోవాలి. సరిగ్గా అక్కడే మనం రబ్బరు దుప్పటి కప్పుతాం. టీపీయూ, సిలికాన్ రెండూ వేడిని సులువుగా బయటికి పోనివ్వవు. మామూలుగా ఫోన్ మాట్లాడుకునేవాళ్లకు దీనితో పెద్ద ఇబ్బంది ఉండదు. వీడియోలు చూసేవాళ్లకు ఉంటుంది. ఎండలో కనిపించాలని స్క్రీన్ వెలుగు ఫుల్, మొబైల్ డేటా ఆన్, ప్రాసెసర్‌కు పని.. మూడు పొయ్యిలూ ఒకేసారి వెలిగించినట్టే.

అప్పుడు ఫోన్ తనను తాను కాపాడుకోవడం మొదలుపెడుతుంది. ముందు స్క్రీన్ వెలుగు తగ్గిపోతుంది. తర్వాత స్పీడు తగ్గుతుంది. చార్జింగ్ నెమ్మదిస్తుంది, లేదా ఆగిపోతుంది. వీడియో ఆగి ఆగి వస్తుంటే ‘నెట్ స్లో’ అని సిమ్ కంపెనీని తిట్టుకుంటాం. ఒకసారి ఫోన్ వెనక చెయ్యి పెట్టి చూడండి. కాలుతుంటే, పౌచ్ తీసి, ఐదు పది నిమిషాలు నీడలో పెట్టండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు, లోపల తేమ పడుతుంది.

చార్జింగ్ పెట్టినప్పుడు కూడా ఇదే సూత్రం. కొన్ని రకాల పౌచ్‌లతో చార్జ్ చేస్తే వేడి ఎక్కువై బ్యాటరీ దెబ్బతినవచ్చని, ఫోన్ వేడెక్కుతున్నట్టు అనిపిస్తే ముందు పౌచ్ తీసేయాలని యాపిల్ సూచిస్తోంది. ఇది ఐఫోన్‌కే కాదు, ఏ లిథియం బ్యాటరీకైనా వర్తించే మాట. ముఖ్యంగా ఫాస్ట్ చార్జింగ్ వాడేవాళ్లు, రాత్రి దిండు పక్కన చార్జింగ్ పెట్టి పడుకునేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి.

బైకు హ్యాండిల్‌కు ఫోన్ బిగించి మ్యాప్ చూస్తూ వెళ్లే డెలివరీ కుర్రాళ్లకు అయితే డబుల్ దెబ్బ. నేరుగా ఎండ, పైగా ఇంజిన్ వణుకు. శక్తిమంతమైన బైకుల ఇంజిన్ల కంపనాలు కెమెరాలోని స్టెబిలైజేషన్ భాగాలను దెబ్బతీయవచ్చని 2021 సెప్టెంబర్‌లో యాపిల్ హెచ్చరించింది. స్కూటర్లకు అయినా కంపనాలను తగ్గించే మౌంట్ వాడమంది. ఏ పౌచ్ వేసినా ఈ వణుకు మాత్రం ఆగదు.

పౌచ్ వెనక ఏం దాస్తున్నారు?

మన దగ్గర పారదర్శక పౌచ్ అంటే సగం పర్సే! వెనక చూస్తే శ్రీవారి ఫొటో, దాని వెనక వంద నోటు, ఏటీఎం కార్డు, బస్సు టికెట్టు. ఫొటో వరకు పర్లేదు. నోట్లు, కార్డులు మందంగా పేర్చితే వేడి బయటికి పోయే దారి ఇంకాస్త మూసుకుపోతుంది. వైర్‌లెస్ చార్జింగ్ వాడేవాళ్లయితే మధ్యలో కార్డు, నాణెం ఉంచకూడదు. కారు హోల్డర్ కోసం అంటించే ఇనుప రేకు కూడా వైర్‌లెస్ చార్జింగ్‌కు అడ్డం. అయస్కాంతం ఉన్న ఫ్లిప్ కవర్లు ఫోన్‌లోని దిక్సూచిని తికమకపెడతాయి. మ్యాప్‌లో బాణం గుర్తు తప్పు దిక్కు చూపిస్తుంటే ముందు కవర్ తీసి చూడాలి.

తిరుమల వెళ్లేవాళ్లకు ఇంకో మాట. ఆలయంలోకి సెల్‌ఫోన్లు అనుమతించరు, దర్శనానికి ముందే డిపాజిట్ చేయాలి. పౌచ్‌లో దాచిన డబ్బు, కార్డులు అప్పుడు తీసుకోవడం మరిచిపోతే, దర్శనం అయ్యేదాకా అవి ఫోన్‌తోపాటు కౌంటర్‌లోనే ఉండిపోతాయి. హుండీలో వేద్దామనుకున్న నోటు కూడా!

సిగ్నల్ సంగతి చెప్పుకోవాలంటే ఒక పాత ముచ్చట ఉంది. 2010లో ఐఫోన్ 4 వచ్చినప్పుడు, ఎడమ కింది మూల చెయ్యి తగిలేలా పట్టుకుంటే సిగ్నల్ పడిపోయేది. గొడవ పెద్దదై, ఆ ఏడాది జూలైలో యాపిల్ కొన్నవాళ్లందరికీ ఉచితంగా బంపర్ కేసులు ఇచ్చింది. అంటే పౌచ్ సిగ్నల్‌ను కాపాడిన సందర్భమూ ఉంది. మామూలు ప్లాస్టిక్, రబ్బరు పౌచ్‌లతో సిగ్నల్‌కు ఇబ్బంది ఉండదు. లోహపు కేసులతోనే జాగ్రత్త.

కొనేటప్పుడు చూడాల్సింది ఇదీ

షాపులో పౌచ్ చేతికిచ్చాక డిజైన్ చూడటం కాదు, ఫోన్ వేసి బల్ల మీద బోర్లా పెట్టండి. స్క్రీన్ బల్లకు తగలకూడదు. అంచు కాస్త పైకి లేచి ఉండాలి. వెనక్కి తిప్పి పెడితే కెమెరా అద్దం తగలకూడదు. నాలుగు మూలల్లో మందం ఎక్కువ ఉండాలి. ఈ మూడూ ఉంటే నూటయాభై రూపాయల పౌచ్ అయినా పని చేస్తుంది. ఇవి లేని బ్రాండెడ్ కవర్ అలంకారమే. చార్జింగ్ పిన్, మైక్, స్పీకర్ రంధ్రాలు సరిపోయాయో లేదో అక్కడే ఒక కాల్ చేసి చూసుకోవాలి. చాలా బడ్జెట్ ఫోన్ల బాక్సులోనే ఒక పౌచ్ వస్తుంది. ముందు దాన్ని వాడి చూడటంలో నష్టమేమీ లేదు.

‘మిలిటరీ గ్రేడ్’ అని రాసి ఉంటే మరీ పొంగిపోవద్దు. ఎంఐఎల్-ఎస్‌టీడీ-810జీ అనేది అమెరికా సైన్యం పరికరాల కోసం రాసుకున్న పరీక్షా పద్ధతి. అందులో డ్రాప్ టెస్ట్ అంటే నాలుగు అడుగుల ఎత్తు నుంచి 26 సార్లు పడేయడం. పడేది ప్లైవుడ్ మీద! ఆ 26 సార్లనూ ఐదు పరికరాల దాకా పంచుకోవచ్చు. పైగా ఈ ముద్ర వేసే ప్రభుత్వ సంస్థ ఏదీ లేదు, కంపెనీలే చేసుకుని చెప్పుకుంటాయి. అలిపిరి మెట్టు ప్లైవుడ్ కాదు కదా.

పౌచ్ వాటర్ ప్రూఫ్ కూడా కాదు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వానలు ఇక్కడ గట్టిగానే కొడతాయి. తడిస్తే నీళ్లు పౌచ్ లోపలే నిలిచి, ఆరడానికి ఇంకా ఆలస్యమవుతుంది. వెంటనే పౌచ్ తీసి, తుడిచి, ఆరేదాకా చార్జింగ్ పెట్టకూడదు. బియ్యం డబ్బాలో పెట్టడం వద్దని యాపిల్ కూడా చెబుతోంది, సన్నటి రేణువులు లోపలికి వెళ్తాయి. వానలో బండి మీద వెళ్లేవాళ్లకు జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్ ఏ ఖరీదైన కేసుకన్నా నయం.

మరి వేయకపోయినా పర్లేదనుకునేవాళ్లు ఎవరు? ప్లాస్టిక్ వెనక భాగం ఉన్న ఫోన్, ఎక్కువగా ఇంట్లోనో ఆఫీసు టేబుల్ మీదో వాడకం, డ్యామేజీకి ఇన్సూరెన్స్ తీసుకున్నవాళ్లు. వీళ్లకు టెంపర్డ్ గ్లాస్ ఒక్కటి సరిపోతుంది. మిగతా వాళ్లు, అంటే బస్సుల్లో తిరిగేవాళ్లు, బండి మీద తిరిగేవాళ్లు, తోటల్లో, క్వారీల్లో పనిచేసేవాళ్లు, చిన్నపిల్లల చేతికి ఫోన్ ఇచ్చేవాళ్లు.. బయట ఉన్నంత సేపూ పౌచ్ వేయాల్సిందే. ఇంటికొచ్చి చార్జింగ్ పెట్టేటప్పుడు, గంటల తరబడి సినిమానో మ్యాచో చూసేటప్పుడు తీసేయాలి. ఊడదీయడానికి గోళ్లు విరిగేంత బిగుతుగా ఉండే పౌచ్ ఈ ఊళ్లకు పనికిరాదు. సులువుగా వచ్చేదే తీసుకోవాలి.

పౌచ్ తీసినప్పుడు ఫోన్‌ను ఒకసారి పక్క నుంచి చూడటం మరిచిపోవద్దు. వెనక మూత కాస్త పైకి లేచినట్టున్నా, స్క్రీన్ అంచు విడిపోతున్నట్టున్నా, బల్ల మీద పెడితే ఊగుతున్నా.. బ్యాటరీ ఉబ్బిందని అనుమానించాలి. బిగుతుగా ఉన్న పౌచ్ ఈ ఉబ్బును నెలల తరబడి కనబడనివ్వదు. అలాంటి ఫోన్‌ను చార్జింగ్ పెట్టకూడదు, నొక్కి సరిచేయాలని చూడకూడదు. వెంటనే స్విచ్ ఆఫ్ చేసి సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లాలి.