ద్రాస్ నుంచి వచ్చిన ఉత్తరం: మేజర్ పద్మపాణి ఆచార్య జీవితం, కుటుంబ స్మృతి

1. ఉపోద్ఘాతం

యుద్ధంలో మరణించిన సైనికుని గురించి సాధారణంగా రెండు రకాల పత్రాలు మిగులుతాయి. ఒకటి ప్రభుత్వం వెలువరించే పతక ప్రశంసాపత్రం. రెండవది ఇంటివారు దాచుకున్న ఉత్తరం. మొదటిది అతడు ఎలా మరణించాడో చెబుతుంది. రెండవది అతడు ఎవరి కొడుకో, ఎవరి భర్తో, దేనిని గురించి ఆలోచించాడో చెబుతుంది. 1999 కార్గిల్ యుద్ధంలో అమరుడైన మేజర్ పద్మపాణి ఆచార్య విషయంలో ఈ రెండూ లభిస్తున్నాయి. వాటిని పక్కపక్కన ఉంచి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. కుటుంబ నేపథ్యం

పద్మపాణి 1968 జూన్ 21న జన్మించారు. వారిది హైదరాబాదులో స్థిరపడిన ఒడియా కుటుంబం. తండ్రి జగన్నాథ్ ఆచార్య భారత వైమానిక దళంలో వింగ్ కమాండర్‌గా పనిచేశారు. ఇంట్లో పద్మపాణి ముద్దుపేరు బబ్లూ. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రులై, మద్రాసులోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో శిక్షణ పొంది, రాజపుతానా రైఫిల్స్ రెండవ బెటాలియన్‌లో చేరారు. యుద్ధం మొదలయ్యేనాటికి ఆయన భార్య చారులత గర్భవతి.

3. యుద్ధరంగం

శ్రీనగర్–లేహ్ రహదారిపై ఆధిపత్యం వహించే తోలోలింగ్ శిఖరాన్ని ఈ బెటాలియన్ జూన్ 13న స్వాధీనం చేసుకుంది. తరువాతి లక్ష్యం ద్రాస్ ప్రాంతంలోని నోల్, లోన్ హిల్, త్రీ పింపుల్స్ స్థావరాలు. జూన్ 28 రాత్రి జరిగిన దాడిలో ఆచార్య కంపెనీ కమాండర్. ముందు నడిచిన ప్లటూన్ శత్రు ఫిరంగి దాడికి తీవ్రంగా నష్టపోయింది. ఆయన రిజర్వు ప్లటూన్‌ను వెంటబెట్టుకొని నిటారు కొండమీదికి సాగారు. శత్రు స్థావరం దాకా పాకి గ్రెనేడ్లు విసిరారు. తీవ్రంగా గాయపడి కదలలేని స్థితిలో కూడా తనను వదిలి ముందుకు సాగమని సహచరులను ఆదేశించారు. స్థావరం చేజిక్కింది, ఆయన మరణించారు. అప్పటికి ముప్పై ఒకటవ పుట్టినరోజు జరిగి వారం రోజులే అయింది. ప్రభుత్వం మరణానంతరం మహావీర చక్ర ప్రకటించింది.

ప్రశంసాపత్రం ఇక్కడితో ముగుస్తుంది.

4. ఉత్తరం: చారిత్రక ఆధారంగా

జూన్ 19న, అంటే తోలోలింగ్ విజయానికీ చివరి దాడికీ నడుమ, ఆచార్య తండ్రికి ఆంగ్లంలో ఒక ఉత్తరం రాశారు. ప్రాణనష్టం వృత్తిలో తప్పనిదనీ, దాని గురించి కలతపడవద్దనీ అందులో చెప్పారు. యుద్ధంలో పాల్గొనడాన్ని గౌరవంగా భావిస్తున్నట్లు తల్లికి తెలియజేయమన్నారు. పుట్టబోయే బిడ్డకు మంచి విలువలు అలవడేందుకు చారులతకు రోజుకొక భారత కథ చెప్పమని తండ్రిని కోరారు.

తెలుగు పాఠకునికి ఇక్కడ అభిమన్యుడు గుర్తుకు రావడం సహజం. తల్లి గర్భంలో పద్మవ్యూహాన్ని గురించి విన్నవాడు, యౌవనంలో రణరంగంలో కూలినవాడు, తండ్రి మరణానంతరం పుట్టిన పరీక్షిత్తుకు జనకుడు. ఆచార్య మరణించిన కొద్ది నెలలకు కుమార్తె అపరాజిత జన్మించడంతో ఈ పోలిక మరింత బలపడుతుంది. అయితే ఈ పోలిక పాఠకునిది. ఉత్తరం రాసినవారికి తన మరణం తెలియదు. రాసిన రోజున అది ‘చివరి ఉత్తరం’ కాదు. ఇంటి బాధ్యత తండ్రికి అప్పగిస్తూ ఒక కొడుకు రాసిన ఉత్తరం మాత్రమే.

అదే దాడిలో మరణించిన అదే బెటాలియన్ అధికారి, ఇరవై రెండేళ్ల కెప్టెన్ విజయంత్ థాపర్ ఉత్తరంతో పోల్చితే ఈ భేదం స్పష్టమవుతుంది. థాపర్ తన మరణానంతరం చదవడానికే దానిని రాశారు. అది వీడ్కోలు, ఆచార్యది సంభాషణ. రెంటినీ ‘వీరుని చివరి లేఖ’ అనే ఒకే శీర్షిక కింద చేర్చడం వలన ఆచార్య లేఖలోని దైనందిన జీవితం మరుగున పడుతుంది. తిరిగి వస్తాననే ఆశ ఉన్నవాడు కూడా తాను లేని రోజులకు ఇంట్లో ఒక ఏర్పాటు చేస్తాడు. ఆ ఉత్తరం చరిత్రకారునికి ఇచ్చే సమాచారం ఇదే.

5. ఇంటి స్మృతి, చరిత్ర రచన

తండ్రిని చూడని అపరాజిత పెద్దయ్యాక ఆయనపై ఆంగ్లంలో ఒక పుస్తకం రాశారు. ఆమెకు తండ్రి స్వానుభవం కాదు. ఇంటివారి మాటల నుంచీ, ఉత్తరాల నుంచీ సమకూర్చుకున్న జ్ఞానం. ఈ అర్థంలో ఆమె చేసినదీ చరిత్ర రచనే.

అందరికీ ఈ అవకాశం దక్కలేదు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సులో పోరాడిన భారతీయ సిపాయిల ఉత్తరాలు ఎక్కువగా బ్రిటిష్ సెన్సారు అధికారులు చేయించిన ఆంగ్లానువాద భాగాలుగానే మిగిలాయి. మూల లేఖలు చాలావరకు దక్కలేదు. పశ్చిమ గోదావరిలోని మాధవరం వంటి, తరతరాలుగా సైన్యానికి యువకులను పంపిన గ్రామాలలో సైనిక కుటుంబాల స్మృతిని వెదకవలసింది స్మారక స్తంభాల మీద మాత్రమే కాదు. ఇళ్లలోని ట్రంకు పెట్టెలలో కూడా.

6. ముగింపు

ప్రశంసాపత్రం సైనికుని ఆఖరి గంటలను భద్రపరుస్తుంది. అంతకు ముందున్న ముప్పై ఒక్క ఏళ్లను భద్రపరిచేది కుటుంబమే. కాగితం చివికిపోకముందే, గుర్తున్నవారు గతించకముందే ఆ ఉత్తరాలను సేకరించి, తేదీలతో, సందర్భంతో, కుటుంబాల అనుమతితో నమోదు చేయడం తెలుగు ప్రాంతపు చరిత్ర, సాహిత్య శాఖల పరిశోధకులు చేపట్టవలసిన పని. ఆచార్య ఉత్తరం మనకు దక్కడానికి కారణం ఒక ఇల్లు దానిని జాగ్రత్త చేయడమే.